వెబ్ సర్వీసెస్ ఎలెక్టివ్: చదివిన 7 ఏళ్లకి

ఎంటెక్ రెండో సెమిస్టర్‌లో ఈ సబ్జెక్టు, అంటే ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో నెట్ మీద మాట్లాడే పద్ధతులు, ఇష్టపడి తీసుకోలేదు. మిగతా ఆప్షన్లలో లెక్కలు ఎక్కువని తీసుకున్నా. భీమవరం చుట్టుపక్కల ఒక కాలేజీ. సిలబస్ తెలిసిందే: సోప్ (ప్రోగ్రాముల మధ్య సందేశాలు పంపే పాత పద్ధతి), డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసుకి ఏం పంపాలో, ఏం తిరిగొస్తుందో రాసిపెట్టే ఫైలు), యూడీడీఐ (ఏ సర్వీసు ఎక్కడుందో వెతుక్కునే రిజిస్ట్రీ), చివర్లో తరుముకొచ్చినట్టు రెస్ట్ (మామూలు వెబ్ రిక్వెస్టులతోనే నడిచే తేలిక పద్ధతి).

యూడీడీఐ మీద ఇప్పటికీ కడుపుమంటే. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ తమ పబ్లిక్ రిజిస్ట్రీని 2006లోనే మూసేశాయి. మాకు మాత్రం దాని మీద మూడు వారాలు క్లాసులు. సరే, వదిలేద్దాం.

రాయాలనుకున్నది ల్యాబ్ గురించి. సార్ మమ్మల్ని రెండు బ్యాచ్‌లు చేసి, ఒకరు సర్వీసు, ఇంకొకరు దాన్ని వాడే క్లయింటు రాయమన్నారు. మధ్యలో మాటల్లేవు. కోడ్ కంటే ముందు డబ్ల్యూఎస్‌డీఎల్ రాయాలి, ఆ ఫైల్ ఒక్కటే చేతులు మారాలి. తెగ తిట్టుకున్నాం. ఫైల్‌లో ధాన్యం ‘వెయిట్’ అని మాత్రమే ఉంటే మేం కేజీలనుకున్నాం, అవతలివాళ్లు క్వింటాళ్లనుకున్నారు. 100 కేజీలు కాస్తా 100 క్వింటాళ్లయ్యాయి. ఆ రోజు నుంచి యూనిట్ లేకుండా ఒక్క ఫీల్డుకీ పేరు పెట్టలేదు. ఉద్యోగంలో సోప్ పోయి జేసన్ (డేటాని తేలిగ్గా రాసే పద్ధతి) వచ్చింది, అలవాటు పోలేదు. ఈ ల్యాబ్ ఒక్కటి చాలు, కళ్లు మూసుకుని తీసుకోండని జూనియర్లకి చెప్పేవాణ్ని.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

రెండేళ్ల కిందట ఆకివీడు వైపు రొయ్యల చెరువులకి మేత సప్లై చేసే డీలరుకి ఆర్డర్ల యాప్ రాసిచ్చాను. ఫోన్ ఏం పంపాలో, సర్వర్ ఏం తిరిగివ్వాలో చెప్పే కాంట్రాక్టు ముందే రాసుకున్నా, బస్తాలా కేజీలా అన్నదాంతో సహా. వానాకాలం, ఒక రాత్రి కరెంటు పోయి సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఒక రైతు 40 బస్తాలకి ఆర్డరు పెట్టారు. సర్వర్ రాసుకుంది, జవాబు ఫోన్‌కి చేరేలోపు సిగ్నల్ పోయింది. టైమవుట్ అవగానే నేను రాసిన కోడే దాన్ని మళ్లీ పంపింది. మళ్లీ అదే కథ. గోడౌన్ కుర్రాళ్లు చీటీల ప్రకారం ఎక్కించేశారు.

పొద్దున్నే ఫోన్. "ఏమండీ, ఒక లోడు చెప్తే గట్టు మీదకి మూడు లోడ్లొచ్చాయి. ఖాతాలో మూడూ రాసేశారంట."

"మీరు నొక్కింది ఒక్కసారేనాండీ?"

"ఆయ్, ఒక్కసారేనండి."

పైన చినుకులు, కింద 120 బస్తాలు. టార్పాలిన్లు కప్పించి, 80 బస్తాలు వెనక్కి పంపేసరికి మధ్యాహ్నమైంది. బండి కిరాయి నేనే కట్టాను.

కాంట్రాక్టు తీసి చూస్తే ఒక్క తప్పూ లేదు. ఏం పంపాలో, ఏం తిరిగొస్తుందో అంతా ఉంది. పంపిందే మళ్లీ వస్తే ఏం చేయాలన్నదే లేదు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీలో పుట్, డిలీట్, పోస్ట్ అని రకరకాల రిక్వెస్టులుంటాయి. పుట్, డిలీట్ ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్టే ఉండాలి. పోస్ట్‌కి ఆ హామీ లేదు. నా ఆర్డర్లన్నీ పోస్టే. అటక మీంచి పాత నోట్‌బుక్కు దింపితే ఐడెంపొటెన్సీ (ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్టే ఉండే ఈ గుణం పేరు) అని ఒకే ఒక్క లైను, పక్కన నా చేతిరాతే: "పరీక్షకి రాదు".

బాగుచేయడానికి పూట పట్టింది. ఫోన్‌లో ఆర్డరు తయారైనప్పుడే దానికో నంబరు, మళ్లీ పంపినా అదే నంబరు. సర్వర్ దాన్ని ముందే చూసి ఉంటే కొత్తగా రాయదు, పాత జవాబే ఇస్తుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ (ఒకే నంబరు రెండుసార్లు పడనివ్వని షరతు) కూడా పెట్టాను, రెండూ ఒకేసారి వచ్చిపడినా ఒకటే నిలుస్తుంది.

ఈ ఎలెక్టివ్ తీసుకోవచ్చా అంటే, నాకు ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీ, పైగా ల్యాబ్ నిజంగా నడిపే సార్ దొరికారు. థియరీతో సరిపెట్టేచోటైతే నేను తీసుకునేవాణ్ని కాదేమో. ఆ రైతు మాత్రం ఇప్పటికీ యాప్‌లో ఆర్డరు పెట్టాక డీలరుకి ఫోన్ కూడా చేస్తారు, "ఒక్కటే లోడండోయ్" అని.