బడి గేటు తెరవాలంటే ఏ అంకె చూడాలి: కేసులా, పాజిటివిటీనా, టీకాలా?

2021 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్‌లోనూ, సెప్టెంబరు 1న తెలంగాణలోనూ బడులు తిరిగి తెరుచుకున్న ఆ వారాల్లో, సాయంత్రం అయ్యేసరికి ఉపాధ్యాయుల ఫోన్లలోనూ తల్లిదండ్రుల ఫోన్లలోనూ ఆ రోజు కరోనా బులెటిన్ తిరుగుతూ ఉండేది. అందులో పరీక్షలు ఎన్ని, కొత్త కేసులు ఎన్ని, మరణాలు ఎన్ని, కోలుకున్నవారు ఎందరు అన్నవి పైన ఉండేవి. కింద జిల్లాల పట్టిక ఉండేది. ఇంత సమాచారం ఉన్నా చాలామంది చూపు తమ జిల్లా ఎదుట ఉన్న కేసుల అంకె మీదే ఆగేది. నిన్నటి కంటే తగ్గితే పిల్లవాడి సంచీ సర్దేవారు, పెరిగితే ఇంకో రెండు రోజులు చూద్దామనేవారు. పిల్లలకు భిన్నాలు చెప్పేటప్పుడు లవం ఒక్కటే చూసి ఏది పెద్దదో తేల్చవద్దని హెచ్చరించే మాలాంటి లెక్కల మాష్టార్లం కూడా, ఆ బులెటిన్ చేతికి వచ్చేసరికి హారం సంగతి మరిచిపోయిన మాట నిజం.

బడి తెరవాలా వద్దా, తెరిచిన బడికి పిల్లను పంపాలా వద్దా అన్న ప్రశ్నకు అప్పుడు మన ముందున్న కొలతలు ప్రధానంగా నాలుగు: రోజువారీ కేసులు, వంద పరీక్షల్లో ఎన్ని పాజిటివ్ అన్న రేటు, ఆసుపత్రుల్లో చేరుతున్నవారి సంఖ్య, టీకాల శాతం. వీటిలో ఏది మేలో తేల్చాలంటే, ఒక్కొక్క దాని హారం ఏమిటో, ఆ హారం మన బడికి ఎంత దగ్గరగా ఉందో చూడాలి.

ముందుగా కేసుల సంగతి. రెండో విడత ఉద్ధృతిలో ఆంధ్రప్రదేశ్‌లో 2021 మే 16న ఒక్కరోజే 24,171 కేసులు నమోదయ్యాయి. తెలంగాణలో అత్యధికం ఏప్రిల్ నెలాఖరులో నమోదైన 10,122. జూన్ ముగిసేనాటికి మొత్తం కేసులు ఆంధ్రలో దాదాపు 19 లక్షలు కాగా తెలంగాణలో ఆరు లక్షల పైచిలుకు మాత్రమే. జనాభాలో ఆంధ్ర సుమారు ఒకటిన్నర రెట్లయితే కేసుల్లో మూడు రెట్లు ఉంది. ఈ అంకెలనే నమ్మితే కృష్ణకు ఆ ఒడ్డున వైరస్ సగం కోరలతోనే తిరిగిందని అనుకోవాలి. కానీ ఆ జూన్, జూలై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నాలుగో రక్త సర్వేలో యాంటీబాడీలు కనిపించినవారు ఆంధ్రలో 70.2 శాతం, తెలంగాణలో 63.1 శాతం. ఇందులో కొంత వాటా టీకాలది కూడా కావచ్చు. అయినా జనాభా లెక్కన రెండు రెట్ల తేడా అనుకున్నది ఏడు శాతం పాయింట్లకు దిగిందంటే, కేసుల అంకె కొలిచింది వైరస్ వ్యాప్తినే కాదు, పరీక్షల జోరును కూడా అన్నమాట. పరీక్షలు చాలినన్ని చేయడం లేదని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పలుమార్లు తప్పుపట్టిన సంగతి తెలిసిందే. తక్కువ వెతికినచోట తక్కువ దొరుకుతాయి.

దీనికి తోడు వారాల లెక్క ఒకటి ఉంది. ఆదివారం పరీక్షలు తగ్గుతాయి కనుక సోమవారం బులెటిన్ ఎప్పుడూ శుభవార్తలాగే వచ్చేది. బుధవారానికి అంకె మళ్లీ లేచేది. ఆంధ్రలో బడులు తెరిచిన ఆగస్టు 16 సోమవారమే కావడంతో, ఆ సాయంత్రం అంకె చూసి ఊపిరి పీల్చుకున్నవారు రెండు రోజుల తర్వాతి అంకె చూసి, బడులు తెరవడం వల్లే కేసులు పెరిగాయని అన్నారు. సోకిన మనిషికి లక్షణాలు కనబడి, పరీక్ష చేయించుకుని, ఫలితం పట్టికకెక్కడానికి కనీసం నాలుగైదు రోజులు పడుతుందని గుర్తుంటే ఆ వాదన పుట్టేదే కాదు. రోజువారీ కేసులను చూడదలిస్తే ఏడు రోజుల సగటునే చూడాలి. అప్పుడు కూడా దాన్ని దిశ తెలుసుకోవడానికి వాడుకోవాలే గానీ ప్రమాదం ఎంతో చెప్పే కొలతగా తీసుకోకూడదు.

పాజిటివిటీ రేటు ఇంతకంటే నిజాయితీ గల కొలత, ఎందుకంటే హారాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. ఆంక్షలు సడలించే ముందు ఈ రేటు రెండు వారాల పాటు ఐదు శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే సూచించింది. ఆంధ్రలో 2021 మే మధ్యలో నాలుగు పరీక్షలకు ఒకటి పాజిటివ్‌గా వచ్చిన రోజులున్నాయి. ఆగస్టు మధ్యనాటికి అది వందకు రెండు, మూడుకు దిగింది. ఆ లెక్కన బడులు తెరవడం తొందరపాటు కాదు. అయితే అది రాష్ట్ర సగటు. 13 జిల్లాల పట్టికలో తూర్పు గోదావరి, చిత్తూరు లాంటివి తరచూ పై వరుసల్లోనే ఉండేవి. పరీక్షలు ఎన్ని అన్నది రాష్ట్రం మొత్తానికే పైన కనిపించేది గానీ, జిల్లాల వరుసలో కేసులే ప్రముఖంగా ఉండేవి. ప్రధానోపాధ్యాయుడికి నిజంగా కావలసినది తన మండలంలో గడిచిన రెండు వారాల్లో ఎన్ని పరీక్షలు చేస్తే ఎన్ని పాజిటివ్ వచ్చాయన్నది. అది బులెటిన్‌లో ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే దొరుకుతుంది. ఒక్క ఫోన్ చేసే ఓపిక ఉంటే, ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బడి తెరవడానికి ఇంతకంటే మేలైన కొలత మరొకటి లేదని నా అభిప్రాయం.

ఆసుపత్రి పడకల లెక్క గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. సోకిన తర్వాత ఒకటి రెండు వారాలకు గానీ మనిషి ఆసుపత్రి దాకా వెళ్లడు కాబట్టి, ఆ అంకె పెరిగిందని తెలిసేసరికి తరగతి గదిలో జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. అది కలెక్టరు చూసుకోవలసిన లెక్క.

టీకాల శాతం దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ రోజుల్లో అందరూ ఎక్కువగా నమ్మినదీ, అందరినీ ఎక్కువగా తప్పుదారి పట్టించినదీ ఇదే. 2021 అక్టోబరు 21న దేశం 100 కోట్ల డోసుల మైలురాయిని దాటింది. చిన్న విషయం కాదు. జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలైన కార్యక్రమం తొమ్మిది నెలల్లో అక్కడికి చేరింది. కానీ డోసులు వేరు, మనుషులు వేరు. ఆ రోజుకు ఒక్క డోసైనా పడిన పెద్దలు సుమారు 75 శాతం, రెండూ పడినవారు 31 శాతం. ఆ 31 శాతానికి హారం సుమారు 94 కోట్ల పెద్దలు. పిల్లలను కూడా కలిపి మొత్తం జనాభా మీద లెక్కిస్తే రెండు డోసులవారు అయిదుగురిలో ఒకరికి కాస్త పైన. బడి గురించి మాట్లాడుతూ పిల్లలను హారంలోంచి తీసేయడం ఎంతవరకు సబబు? 2021లో తెరిచిన బడుల్లోని పిల్లల్లో టీకాకు అర్హులు ఒక్కరూ లేరు.

మొదటి డోసుకూ రెండో డోసుకూ మధ్య తేడా ఎంతో కూడా అప్పటికే తెలుసు. కొవిషీల్డ్ ఫార్ములానే వాడిన బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం ప్రకారం, రెండో విడతలో వ్యాపించిన డెల్టా రకం వైరస్ వల్ల లక్షణాలతో కూడిన జబ్బు రాకుండా ఒక్క డోసు ఇచ్చిన రక్షణ సుమారు 30 శాతం. రెండు డోసులకు అది 67 శాతం. మన దగ్గర 2021 మేలో కొవిషీల్డ్ డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. జూన్ 20న ఆంధ్రప్రదేశ్ ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది. 45 ఏళ్లు దాటినవారితో పాటు అయిదేళ్ల లోపు పిల్లల తల్లులు కూడా ఆ వరుసల్లో ఉన్నారు. ఆ రోజు మొదటి డోసు కొవిషీల్డ్ తీసుకున్న తల్లికి 84 రోజులు నిండేది సెప్టెంబరు 12న. అంటే ఆమె పెద్దపిల్ల బడికి వెళ్లడం మొదలుపెట్టిన నాలుగు వారాల తర్వాత. ఆగస్టు 16న ప్రభుత్వ లెక్కల్లో ఆమె టీకా పొందిన మనిషే. డెల్టా లెక్కలో మూడింట ఒక వంతు రక్షణ ఉన్న మనిషి.

శాతాల్లో మరో వింత ఉంది. 2021 డిసెంబరు చివరి వారంలో తెలంగాణ మొదటి డోసు వంద శాతం పూర్తిచేసినట్లు ప్రకటించింది. ఆ తర్వాత వారాల్లో ఆ అంకె వందను కూడా దాటిపోయింది. ఇందులో మోసమేమీ లేదు. హారం అంచనా జనాభా, లవంలోనేమో ఇతర రాష్ట్రాల నుంచి పనికి వచ్చి హైదరాబాదులో టీకా వేయించుకున్నవారు కూడా చేరారు. అయితే వంద దాటిన శాతాన్ని చూసి, మా వాడలో వేయించుకోనివారు ఎవరూ లేరని అనుకుంటే మాత్రం పొరపాటే. నగరంలో పొంగిన లవం తండాలోని ఖాళీని కప్పేస్తుంది.

మరి బడికి పనికొచ్చే టీకా లెక్క ఏది? నాలుగో సర్వే ఫలితాలు వెల్లడించిన 2021 జూలై 20న వైద్య పరిశోధన మండలి అధిపతి బలరామ్ భార్గవ ఒక మాట చెప్పారు. చిన్నపిల్లలు ఈ వైరస్‌ను పెద్దలకంటే బాగా తట్టుకుంటున్నారు కనుక ప్రాథమిక పాఠశాలలను ముందు తెరవడం మంచిదని, అయితే ఉపాధ్యాయుల నుంచి బస్సు డ్రైవర్ల దాకా సిబ్బంది అందరికీ టీకా పడి ఉండాలని దాని సారాంశం. మన రెండు రాష్ట్రాలూ అంతకు ముందు విడతల్లో తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టి కిందికి వచ్చాయి; ఈసారి చిన్న తరగతులను కూడా ఒకేసారి పిలిచాయి. క్రమం సంగతి ఎలా ఉన్నా ఆ మాటలోని రెండో సగంలో అసలు కొలత ఉంది. హారం రాష్ట్రం కాదు, జిల్లా కాదు, ఆ బడి ప్రహరీ లోపల ఉన్న పెద్దలు. ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు, గుమాస్తా, ఆయా, మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు, ఆటో తోలేవారు ముగ్గురు కలిసి ఇరవై మంది అనుకుందాం. వారిలో రెండు డోసులు పడి రెండు వారాలు గడిచినవారు ఎందరు? ఈ భిన్నాన్ని సిబ్బంది గదిలోని హాజరు పట్టీ పక్కనే మరో గడి గీసి, సర్టిఫికెట్ చూసి తేదీ వేసి, పది నిమిషాల్లో తయారు చేయవచ్చు. ఉపాధ్యాయుల పేర్ల ఎదుట తేదీలు గబగబా నిండుతాయి, ఎందుకంటే సెప్టెంబరు 5 లోపు వారందరికీ టీకా వేయాలని కేంద్రం అదనంగా రెండు కోట్ల డోసులు కూడా కేటాయించింది. గడులు ఖాళీగా మిగిలేది వంట చేసే అమ్మ దగ్గర, ఆటో అన్న దగ్గర. ఎందుకంటే బడి సిబ్బంది అనగానే వాళ్లు చాలామందికి గుర్తుకు రారు.

గురుకులాల విషయంలో ఈ కొలత కూడా చాలదు. ఆగస్టు 31న తెలంగాణ హైకోర్టు, తరగతులకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టవద్దని చెబుతూనే గురుకులాలను అప్పుడే తెరవవద్దని వేరుగా ఆదేశించింది. అది సబబైన తేడా అనిపిస్తుంది. పగటి బడిలో పిల్ల సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. గురుకులంలో ఒకే హాలులో పడుకుని, ఒకే వరుసలో తిని, ఒకే కుళాయి దగ్గర పళ్లు తోముతుంది. అక్కడ చూడవలసింది గదికి ఎందరు అన్న సంఖ్య.

ఇంతవరకు చెప్పినది డెల్టా నాటి మాట. 2022 జనవరిలో ఒమిక్రాన్ అనే కొత్త రకం వచ్చి ఈ వరుసను తలకిందులు చేసింది. తెలంగాణ సంక్రాంతి సెలవులను నెలాఖరు దాకా పొడిగించి ఫిబ్రవరి 1న బడులు తెరిచింది. ఆంధ్రప్రదేశ్ పండుగ కాగానే జనవరి 17నే తెరిచింది, ఆ వారంలోనే రోజువారీ కేసులు పది వేలు దాటాయి. పాజిటివిటీ కూడా పాత నమ్మకాన్ని నిలబెట్టుకోలేదు. లక్షణాలు లేని సన్నిహితులకు ముప్పు ఎక్కువైతే తప్ప పరీక్ష అక్కరలేదని జనవరి 10న వైద్య పరిశోధన మండలి సూచించింది. మరోవైపు ఇంట్లోనే కిట్‌తో చూసుకుని మాత్రలు మింగినవారు ఏ పట్టికలోనూ లేరు. హారం కుదించుకుపోయాక, ఆ జనవరిలో కనిపించిన ముప్పై శాతం పాజిటివిటీని 2021 మే నెలనాటి ఇరవై అయిదు శాతంతో పోల్చడం కుదరదు. అంతకు ముందు నేను కలెక్టరుకు వదిలేయమన్న ఆసుపత్రి లెక్కే అప్పుడు ముందుకు రావలసి వచ్చింది. కేసులు కొండలా లేచినా పడకలు నిండలేదన్న సంగతి దాంట్లోనే కనిపించింది.

ఆ జనవరిలో ఏ రాష్ట్రం చేసింది మేలని అడిగితే, ఒకటి నుంచి ఏడు తరగతుల దాకా ఆంధ్ర నిర్ణయమే నాకు సబబుగా తోస్తుంది; వారికి టీకా దగ్గర్లో లేదు, రెండు వారాలు ఆపినా వారి రక్షణలో మార్పు ఉండదు, పోయేది చదువే. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లల విషయం కొంచెం వేరు. 2007లోనో అంతకు ముందో పుట్టినవారికి జనవరి 3 నుంచి కొవాగ్జిన్ మొదలైంది. తొలిరోజే వేయించుకున్నవారికి 28 రోజుల గడువు జనవరి 31కి నిండింది. తెలంగాణ బడులు తెరిచింది మర్నాడే. ఆ పొంతన కోరి కుదిర్చినదో కాకతాళీయమో గానీ, ఆ వయసువారికి ఆ రెండు వారాల ఎదురుచూపులో ఒక అర్థం ఉంది.

ఊరి బడికి ఇవన్నీ దొరికే చోటు ఊళ్లో ఆరోగ్య సేవలు చూసే ఏఎన్ఎం దగ్గరి పుస్తకం. ఏ ఇంట్లో ఎవరికి ఏ తేదీన ఏ డోసు పడిందో, ఎవరు వేయించుకోలేదో, ఈ పక్షంలో ఎవరికి జ్వరం వచ్చిందో ఆమెకు తెలుసు. బడి చేరికల పట్టీని, ఆ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ పిల్ల ఇంట్లో టీకా పడని అమ్మమ్మ ఉందో పేరుతో సహా తెలుస్తుంది. ఆ పిల్లను మానిపించనక్కరలేదు. అమ్మమ్మ దగ్గరికి ఏఎన్ఎంను పంపితే చాలు.