ఇనుమా, మెగ్నీషియమా? నక్షత్రంలో గెలాక్సీ గతాన్ని చదవడం

నక్షత్రపు వర్ణపటం, అంటే దాని కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ, చేతికొస్తే ముందుగా ఇనుము కాంతిని మింగిన చోట పడే గీతలే కంటపడతాయి. అవి వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి కొలవడం సులువు. మెగ్నీషియం అలా కాదు. ఆకుపచ్చ రంగులో, 517 నానోమీటర్ల దగ్గర, మూడు నల్లని గీతలు పక్కపక్కనే నిలబడతాయి. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

అసలు తేడా పుట్టుకలో ఉంది. మెగ్నీషియం భారీ నక్షత్రాల్లో తయారవుతుంది. అవి కొన్ని కోట్ల ఏళ్లలోపే పేలి దాన్ని వెదజల్లుతాయి. ఇనుములో పెద్ద వాటా శ్వేత కుబ్జాల, అంటే సూర్యుడిలాంటి నక్షత్రాలు చివరికి మిగిల్చే చిన్న, దట్టమైన గోళాల, పేలుళ్లది. వాటికి వందల కోట్ల ఏళ్లు కూడా పట్టవచ్చు. అందుకే ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నక్షత్రం సాధారణంగా గెలాక్సీ తొలి రోజుల్లో పుట్టినదై ఉంటుంది.

ఇనుము ఒక్కటే చూస్తే మోసపోతాం. చిన్న గెలాక్సీలో నెమ్మదిగా పోగైన ఇనుము, పెద్దదానిలో చకచకా పోగైన ఇనుము ఒకే అంకె చూపవచ్చు. 2018లో బయటపడిన గయా-ఎన్సెలాడస్ సంగతే చూడండి. సుమారు 1,000 కోట్ల ఏళ్ల క్రితం పాలపుంతలో కలిసిపోయిన ఆ గెలాక్సీ నక్షత్రాల్లో, అంతే ఇనుమున్న మన పాత నక్షత్రాలకన్నా మెగ్నీషియం తక్కువ. కదలికలతోపాటు ఆ తేడాయే వాటిని పట్టించింది.

మరీ మసక నక్షత్రమైతే ఇనుముతో సరిపెట్టుకుంటాను. వీలుంటే మెగ్నీషియాన్ని మాత్రం వదలను.