ఫ్యుగాజీ రికార్డులు: పదిహేనేళ్లు విన్న మీదట

అమెరికన్ పంక్ రాక్ బృందం ఫ్యుగాజీ 'వెయిటింగ్ రూమ్' పాటను మొదటిసారి విన్నప్పుడు నా ప్లేయర్ పాడైపోయిందనుకున్నాను. బేస్ గిటార్ ఒక్కటే మొదలై, దానికి గిటారూ డ్రమ్సూ తోడై, పాట ఊపందుకుందని మనం తల ఆడించబోయే సమయానికి అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం కొద్ది సెకన్లే అయినా, చెయ్యి దానంతటదే బటన్ వైపు వెళ్లేటంతగా సాగుతుంది. ఇన్నేళ్లకూ, అది వస్తుందని తెలిసి కూడా, ఆ చోట ఊపిరి బిగబడుతూనే ఉంది.

1987లో వాషింగ్టన్ డి.సి.లో తొలి ప్రదర్శన ఇచ్చిన ఈ బృందంలో ఇయాన్ మెకాయ్, గై పిచోటో పాడుతూ గిటార్ వాయించేవారు. బేస్ జో లాలీది, డ్రమ్స్ బ్రెండన్ కాంటీవి. ఆల్బమ్‌లన్నీ మెకాయ్, జెఫ్ నెల్సన్ కలిసి 1980లో నెలకొల్పిన డిస్కార్డ్ రికార్డు సంస్థ నుంచే వచ్చాయి. టీషర్టులు అమ్మకపోవడం, టికెట్టును వీలైనంతవరకూ 5 డాలర్ల దగ్గరే ఉంచడం, అన్ని వయసులవారినీ లోపలికి రానివ్వడం వంటి నియమాల గురించి రాసినవారు చాలామందే ఉన్నారు. ఆ నియమాలంటే నాకు గౌరవమే కాని, వాటి కథలో పడి లాలీ బేస్‌ను మరచిపోతున్నారన్నది నా ఫిర్యాదు. సాధారణంగా రాక్ పాటలో గిటార్లు గోడ కడితే బేస్ దానికి పునాదిగా అడుగున ఉండిపోతుంది. ఇక్కడ రాగాన్ని మోసేది బేసే, గిటార్లు మధ్యమధ్యలో వచ్చి కోసి వెళ్తాయి. పాటలో ఖాళీ మిగిలేది అందువల్లనే.

తొలి రెండు ఈపీలను (ఆల్బమ్ కంటే చిన్న రికార్డులను) కలిపిన '13 సాంగ్స్' (1989), ఆ వెంటనే వచ్చిన 'రిపీటర్' (1990) నాకు ఇంతవరకూ పాతబడలేదు. 'స్టెడీ డైట్ ఆఫ్ నథింగ్' (1991) సంగతి అలా కాదు. బృందం తానే ప్రొడ్యూస్ చేసుకున్న ఈ ఆల్బమ్‌లో పాటలు గట్టివే అయినా ధ్వని ఎండిపోయినట్టుగా, డ్రమ్స్ మీద దుప్పటి కప్పినట్టుగా ఉంటుంది. హెడ్‌ఫోన్లు మార్చి చూశాను, స్పీకర్లు మార్చి చూశాను, తప్పు వాటిది కాదు. 'ఇన్ ఆన్ ద కిల్ టేకర్' (1993) కోసం మొదట షికాగోలో రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ అల్బీనీ దగ్గర చేసిన రికార్డింగును పక్కన పెట్టి, వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లోని ఇన్నర్ ఇయర్ స్టూడియోలో మళ్లీ మొదలుపెట్టారు. చేసిన పనిని పక్కన పెట్టడానికి ఎంత నిబ్బరం కావాలో కాని, ఫలితం మాత్రం వారి ఆల్బమ్‌లన్నిటిలోకీ పదునైనది. 'రెడ్ మెడిసిన్', 'ఎండ్ హిట్స్' రెండింటిలోనూ ప్రయోగాలు ఎక్కువ; రెండోదాన్ని నేను మొత్తంగా వినేది అరుదు.

2011 చివరలో డిస్కార్డ్ ప్రారంభించిన ప్రత్యక్ష ప్రదర్శనల ఆన్‌లైన్ భాండాగారం వేరే లోకం. బృందం వెంట ఉన్న సౌండ్ ఇంజనీర్లు టేపు చేసిన ప్రదర్శనలు 800కు పైగా ఉన్నాయి. ఒక్కోదానికి సూచించిన ధర 5 డాలర్లు. కొనేవారు ఒకటి తెలుసుకోవాలి: చిన్న హాలులో గిటార్ ఆంప్లిఫయర్ల మోత నేరుగానే వినిపిస్తుంది కనుక హాలు స్పీకర్లకు వెళ్లే ధ్వనిని కలిపే మిక్సింగ్ బోర్డుకు వాటిని పెద్దగా పంపరు, అందుచేత బోర్డు నుంచి తీసిన టేపుల్లో గొంతులు ముందుకు వచ్చి గిటార్లు సన్నబడతాయి. నేను కొన్న తొలి నాలుగింటిలో రెండు ఇలాంటివే. అయినా స్టూడియోలో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. ముందు వరుసలో తోపులాట మొదలైతే మెకాయ్ పాట ఆపి, ఉపాధ్యాయుడు తరగతిలో మాట్లాడినంత నెమ్మదిగా మందలిస్తాడు. వినకపోతే టికెట్ డబ్బు తిరిగి చేతిలో పెట్టి బయటికి పంపిన సందర్భాలూ ఉన్నాయి.

2003 నుంచి బృందం విరామంలో ఉంది. చివరి ఆల్బమ్ 'ది ఆర్గ్యుమెంట్' (2001)లో చెల్లో, రెండో డ్రమ్మర్ చేరినా బేస్ చుట్టూ ఉన్న ఖాళీ చెక్కుచెదరలేదు. కొత్తవారు '13 సాంగ్స్'తో మొదలుపెట్టి, 'ది ఆర్గ్యుమెంట్' కూడా విన్న తరువాతే భాండాగారం జోలికి వెళ్లడం మేలు. అప్పుడు 'వెయిటింగ్ రూమ్' ఉన్న ప్రదర్శన ఒకటి తీసుకోండి: స్టూడియోలో నిశ్శబ్దంగా ఉన్న ఆ కొద్ది సెకన్లలో హాలంతా అరుస్తుంది.