లినక్స్ కెర్నెల్ నెట్‌వర్క్ స్టాక్: పన్నెండేళ్ల వాడకం తరువాత

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఇంటింటికీ ఇంటర్నెట్ అందించే చిన్న సంస్థలో 2013 నుంచి గేట్‌వేల బాధ్యత నాది. చందాదారుల లాగిన్, ప్రైవేటు చిరునామాలను పబ్లిక్ చిరునామాలుగా మార్చే నాట్, ఎవరి ప్లాను ప్రకారం వారి వేగాన్ని కట్టడి చేయడం అనే మూడు పనులనూ మా దగ్గర ఖరీదైన రూటర్లు కాక మామూలు సర్వర్లే చేస్తాయి. వాటిలో నడిచేది డెబియన్ అనే లినక్స్ రకం. హార్డ్‌వేర్‌ను నడిపే దాని మూలభాగమే కెర్నెల్. డెబియన్ 7తో వచ్చిన 3.2 కెర్నెల్‌తో మొదలుపెట్టి 3.16, 4.9, 4.19, 5.10, 6.1 మీదుగా ఇప్పుడు డెబియన్ 13లోని 6.12 దాకా వచ్చాను. ఆ కెర్నెల్‌లోని నెట్‌వర్క్ కోడ్‌ను, అంటే నెట్‌వర్క్ స్టాక్‌ను, నిర్వాహకులు ఎలా సంరక్షిస్తూ, ఎలా వేగవంతం చేస్తూ వచ్చారో వాడకందారుగా నాకు అనుభవమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ స్టాక్ కొత్తవి చేర్చుకున్నందుకంటే, తప్పని తేలిన పాతవాటిని తీసేసినందుకే నాకు ఎక్కువ మేలు చేసింది.

ఈ కోడ్ మీద ఉన్న ఒత్తిడి ఎంతటిదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 10 గిగాబిట్ లైను నిండా 64 బైట్ల చిన్న ప్యాకెట్లే (డేటా ముక్కలే) వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షలకు పైగా వస్తాయి. అంటే ఒక్కో ప్యాకెట్‌కు దక్కే వ్యవధి 67 నానోసెకన్లు, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో సుమారు 200 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు). క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలో) లేని ఒక్క విలువను ప్రధాన మెమరీ నుంచి తెచ్చుకోవడానికే దాదాపు అంత సమయం పడుతుంది. మా ట్రాఫిక్‌లో వీడియో ఎక్కువ కనుక 1,500 బైట్ల ప్యాకెట్లే అధికం, వాటికి ఒక్కోదానికి 1,230 నానోసెకన్లు దొరుకుతాయి. అయినా ఆ కాస్త వ్యవధిలోనే ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే రూటు వెతకడం, ఫైర్‌వాల్ నియమాలు చూడడం, నాట్ పట్టిక ప్రకారం చిరునామా మార్చడం, చందాదారుడి వేగం లెక్కగట్టడం అన్నీ పూర్తి కావాలి.

3.2 కెర్నెల్‌లో మాకు ఎదురైన మొదటి చిక్కు రూట్ క్యాష్. ఒకసారి వెతికిన రూటును గుర్తుపెట్టుకుంటే రెండోసారి వెతికే పని తప్పుతుందన్నది దాని వెనకున్న ఆలోచన, కొద్దిమందితో మాట్లాడే సర్వరుకు అది చక్కగానే సరిపోతుంది. వేల ఇళ్లు ఒకే గేట్‌వే గుండా లోకమంతటితో మాట్లాడుతుంటే మాత్రం ఆ క్యాష్ చూస్తుండగానే నిండిపోయి, పాత నమోదులను ఏరిపారేసే పని మొదలై, ఆ ఏరివేతలోనే ప్రాసెసర్ సమయం కరిగిపోయేది. లాగ్‌లో 'డీఎస్‌టీ క్యాష్ ఓవర్‌ఫ్లో' అన్న వరుస పడిందంటే ఆ సాయంత్రం ఫోన్లు ఆగకుండా మోగేవి. పైగా బయటివాడెవడైనా ఇష్టమొచ్చిన చిరునామాలతో ప్యాకెట్లు గుప్పించి ఆ క్యాష్‌ను కావాలనే నింపగలిగేవాడు. అప్పటి నెట్‌వర్క్ నిర్వాహకుడు డేవిడ్ మిల్లర్ 2012లో, 3.6 కెర్నెల్‌తో, ఐపీవీ4 రూట్ క్యాష్‌ను పూర్తిగా తొలగించారు. ఒక్కో వెతుకులాటకు మునుపటికంటే కొన్ని సైకిళ్లు ఎక్కువ పడతాయని తెలిసే ఆ పని చేశారు. తరువాత 2015లో అలెగ్జాండర్ డ్యూక్ రూటింగ్ పట్టికను వెతికే కోడ్‌ను పునాది నుంచి సవరించి ఆ లోటును చాలావరకు పూడ్చారు. మేము 3.16కు మారిన రోజు నుంచి ఆ లాగ్ వరుస మళ్లీ కనబడలేదు, దానికోసం నేను రాసిపెట్టుకున్న అరడజను సెట్టింగులకు పనే లేకుండా పోయింది. నిలకడ కోసం సగటు వేగాన్ని కొంచెం వదులుకోవడానికి సిద్ధపడిన ఆ నిర్ణయం మీద నాకు నేటికీ గౌరవం ఉంది.

ఇక నేను ఎక్కువ నేర్చుకున్నది 2016లో ఒక వారంపాటు సాగిన వెతుకులాటలో. అప్పుడే 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, 8 కోర్ల సర్వరు పెట్టాము. పగలంతా బాగుండేది, రాత్రి ఎనిమిదిన్నర దాటగానే వేగం సగానికి పడిపోయేది. సర్వరు మొత్తం భారం చూస్తే పదిహేను శాతం కూడా లేదు. కోర్లవారీగా విడదీసి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. 0వ కోరు నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది, మిగతా ఏడు దాదాపు ఖాళీగా ఉన్నాయి.

ఇక్కడ నాపి అనే ఏర్పాటు గురించి కొంచెం చెప్పాలి. ప్రతి ప్యాకెట్‌కూ కార్డు ఇంటరప్టు (చేస్తున్న పని ఆపి చూడమనే సంకేతం) ఇస్తే ప్రాసెసర్‌కు ఇంటరప్టులతోనే తెల్లవారుతుంది. అందుకని మొదటి ఇంటరప్టు రాగానే కెర్నెల్ ఆ క్యూ (కార్డులో ప్యాకెట్లు నిలిచే వరుస) ఇంటరప్టులను ఆపేసి, తానే వెళ్లి ప్యాకెట్లను గుత్తులుగా తెచ్చుకుంటుంది. అలా ఒక విడతలో 300 ప్యాకెట్లు దాటినా, కొద్ది మిల్లీసెకన్ల గడువు మించినా, పని మిగిలి ఉండగానే ఆగి ఇతర పనులకు వీలిస్తుంది. అలా ఆగిన ప్రతిసారీ ప్రాక్ డైరెక్టరీలోని 'సాఫ్ట్‌నెట్ స్టాట్' అనే ఫైలులో, ఆ కోరుకు చెందిన వరుసలో, మూడో నిలువు గడి ఒకటి పెరుగుతుంది. అంకెలు పదహారు ఆధారంగా, శీర్షికలు లేకుండా ఉంటాయి. మా సర్వరులో మొదటి వరుస మూడో గడి మాత్రమే క్షణక్షణానికీ పెరుగుతోంది, తక్కిన ఏడు వరుసల్లో అది సున్నాకు దగ్గరగానే ఉంది.

కారణం పీపీపీఓఈ, అంటే చందాదారుల లాగిన్ కోసం వాడే ప్రోటోకాల్. చందాదారుల వైపు నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ ఆ పొరలో చుట్టుకొని వస్తుంది. మా కార్డు ప్యాకెట్లను వేర్వేరు క్యూలకు పంచేది ఐపీ చిరునామాలను చూసి. పైన పీపీపీఓఈ శీర్షం ఉండేసరికి లోపలి చిరునామా దానికి కనబడక, అన్నింటినీ 0వ క్యూలోనే పడేసేది. ఇంటర్నెట్ వైపు నుంచి వచ్చేవి మామూలు ఐపీ ప్యాకెట్లు కనుక ఎనిమిది క్యూలకూ సమంగా పంచుకునేవి. అందుకే లోపం ఒక దిశలోనే ఉండి, డౌన్‌లోడ్‌కు జవాబుగా వెళ్లే రసీదు ప్యాకెట్లు ఆలస్యమై, చివరికి డౌన్‌లోడ్ వేగమే పడిపోయేది. దీనికి విరుగుడు కెర్నెల్‌లో అప్పటికే ఉంది. అప్పట్లో గూగుల్‌లో ఉన్న టామ్ హెర్బర్ట్ 2010లో, 2.6.35 కెర్నెల్‌లో చేర్చిన ఆర్‌పీఎస్ అనే ఏర్పాటు, కార్డు చేయలేని పంపకాన్ని సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది, కెర్నెల్‌కు పీపీపీఓఈ పొర లోపలికి చూడడం కూడా వచ్చు. 0వ కోరును మినహాయించి మిగతా ఏడింటినీ సూచించే 'ఎఫ్ఈ' అన్న రెండక్షరాలను 0వ క్యూకు చెందిన ఫైలులో రాశాను. అర నిమిషంలో ఎనిమిది కోర్లూ ముప్పై శాతం దగ్గర కుదురుకున్నాయి.

ఏళ్లుగా అక్కడే ఉన్న ఆ రెండక్షరాలను కనుక్కోవడానికి నాకు వారం పట్టింది. ఈ స్టాక్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. పరికరాలన్నీ ఉన్నాయి, కానీ ఏ లక్షణానికి ఏ పరికరం వాడాలో చెప్పే చోటు ఒక్కటి లేదు. చివరికి నాకు దారి చూపింది కోడే. 'నెట్' డైరెక్టరీలో 'కోర్' కింద ఉన్న 'డెవ్' అనే ఫైలు ఇప్పుడు 11 వేల పంక్తులు దాటింది. ప్యాకెట్ లోపలికి వచ్చే దారి అంతా అందులోనే ఉంది, ఓపికగా చదివితే అర్థమవుతుంది. గేట్‌వేలు నడిపే ప్రతి ఒక్కరూ కనీసం ఆ దారినైనా ఒకసారి చదివి తీరాలి.

డిఫాల్టులు కూడా మా వంటి వాడకానికి తగినట్లు లేవు. నాట్ పట్టికలో స్థిరపడిన టీసీపీ కనెక్షన్‌కు ఇచ్చిన గడువు 4,32,000 సెకన్లు, అంటే అయిదు రోజులు. కరెంటు పోయి ఆగిపోయిన ప్రతి ఇంటి కనెక్షన్లూ అయిదు రోజులు పట్టికలో స్థలం ఆక్రమించుకొని ఉంటే, 'టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్' అన్న సందేశం రావడానికి ఎన్నాళ్లో పట్టదు. నాట్ పరికరాలకు ప్రమాణం కోరే కనీస గడువు 2 గంటల 4 నిమిషాలు. అందుకే మేము 7,440 సెకన్లు పెట్టుకున్నాము. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు, పట్టిక పరిమాణం మాత్రం మూడో వంతుకు తగ్గింది.

తీసివేతల్లో నాకు అన్నింటికంటే దగ్గరగా తగిలింది 'టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్' తొలగింపు. ముగిసిన కనెక్షన్ల చోటును త్వరగా తిరిగి వాడుకునే సెట్టింగు అది. సర్వరు వేగం పెంచుకోవాలంటే దీన్ని 1గా పెట్టమని ఆ రోజుల్లో ప్రతి సలహా పత్రంలోనూ ఉండేది, నేనూ మా రీఛార్జి పోర్టల్ సర్వరులో అలాగే పెట్టాను. ప్లాను గడువు తీరినవారు మొబైల్ డేటాతో పోర్టల్ తెరిచి డబ్బు కట్టాలి. వారిలో కొందరికి పేజీ ఒక్కోసారి తెరుచుకునేది, ఒక్కోసారి తెరుచుకునేది కాదు. సర్వరులో ప్యాకెట్లు పట్టి చూస్తే కనెక్షన్ కోరే మొదటి ప్యాకెట్ వస్తోంది, జవాబు మాత్రం పోవడం లేదు, లాగ్‌లో ఒక్క అక్షరం కూడా లేదు. టైమ్‌స్టాంపు (ప్యాకెట్ మీద పంపినవారి గడియారం వేసే అంకె) కారణంగా తిరస్కరించిన కనెక్షన్ల సంఖ్యను చూపే లెక్క ఒక్కటే పెరుగుతోంది. ఆ సెట్టింగు ఉన్నప్పుడు సర్వరు ఒక్కో ఐపీ చిరునామా నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంపును గుర్తుంచుకొని, అంతకంటే పాతదిగా కనబడిన కొత్త కనెక్షన్‌ను నిశ్శబ్దంగా పారేస్తుంది. మొబైల్ నెట్‌వర్కుల్లో అనేక ఫోన్లు ఒకే పబ్లిక్ చిరునామా వెనక ఉంటాయి, ఒక్కో ఫోను గడియారం ఒక్కో విధంగా ఉంటుంది. అంటే ఒక చందాదారుడు పోర్టల్ తెరిచిన పాపానికి అతని పక్కవాడికి తలుపు మూసుకునేది.

4.10 కెర్నెల్‌లో టైమ్‌స్టాంపులను కనెక్షన్‌కొక విధంగా మార్చడంతో ఆ సెట్టింగు పూర్తిగా నిరర్థకమైంది, 2017లో 4.12తో దాన్ని తొలగించారు. వాడేవారే జాగ్రత్తపడాలని వదిలేయవచ్చు, లేదా పత్రంలో ఒక హెచ్చరిక చేర్చి ఊరుకోవచ్చు. నిర్వాహకులు ఊరుకోలేదు. ఆ హెచ్చరికను నేను చదివి ఉండేవాణ్ణి కాదు, కనుక ఆ తొలగింపు నాలాంటివారి కోసమే జరిగిందని నమ్ముతాను.

సంరక్షణలో ఇంకో ముఖాన్ని బయటి డ్రైవర్ల (కెర్నెల్‌లో భాగం కాకుండా కార్డును నడిపే ప్రోగ్రాముల) వల్ల చూశాను. అమ్మిన సంస్థ విడిగా ఇచ్చిన డ్రైవరుతో నడిచే కార్డు ఒకటి మా దగ్గర ఉండేది. 4.19కు మారినప్పుడు అది కంపైల్ కాలేదు, ఎందుకంటే టైమర్లను ఏర్పాటుచేసే పాత ఫంక్షన్లను 4.15లో తీసేశారు. ఎలాగో సవరించుకున్నాము. 6.1కు మారినప్పుడు మళ్లీ ఆగింది, ఈసారి నాపిని నమోదు చేసే ఫంక్షన్‌కు ఇచ్చే చివరి విలువను తొలగించారు. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేసులు స్థిరంగా ఉంటాయని నిర్వాహకులు ఎన్నడూ మాట ఇవ్వలేదు. లోపల ఉన్న డ్రైవర్లన్నింటినీ, ఇంటర్‌ఫేసును మార్చినవారే సరిచేసి ఇస్తారు. బయట ఉన్నవాటి కష్టం బయటివారిదే. మొదట్లో ఈ పద్ధతి మీద నాకు కోపం ఉండేది, ఇప్పుడు లేదు, ఎందుకంటే అదే కాలంలో కెర్నెల్ లోపలి డ్రైవరుతో నడిచిన మా మిగతా కార్డులకు ఒక్కసారి కూడా చేయి పెట్టాల్సిన అవసరం రాలేదు. ఆ బయటి డ్రైవరు కార్డును 2023లో తీసి పక్కన పెట్టాము. ఇప్పుడు కార్డు కొనే ముందు నేను చూసే మొదటి సంగతి దాని డ్రైవరు కెర్నెల్‌లో ఉందా అన్నదే.

క్యూల్లో ప్యాకెట్లు పేరుకుపోయి ఆలస్యం కాకుండా చూసే ఎఫ్‌క్యూ కోడెల్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే పెట్టిన నాటి నుంచి దాన్ని తాకలేదు. ఎరిక్ డుమాజే 2012లో 3.5 కెర్నెల్‌లో చేర్చారు. క్యూలో ప్యాకెట్ ఎంతసేపు నిలిచిందన్నదాన్ని బట్టి, 5 మిల్లీసెకన్ల లక్ష్యంతో అది నిర్ణయం తీసుకుంటుంది. 2020లో ఒకే ఇంట్లో తండ్రి ఆఫీసు ఫోన్ కాల్, పిల్లల ఆన్‌లైన్ తరగతులు ఒకేసారి నడిచిన నెలల్లో, తక్కువ ప్లాను ఉన్న ఇళ్లు కూడా మాట మధ్యలో తెగిపోకుండా మాట్లాడుకోగలిగాయి. ప్యాకెట్ స్టాక్‌లోకి రాకముందే దాన్ని చూడగలిగే ఎక్స్‌డీపీని దాడి ట్రాఫిక్‌ను కార్డు దగ్గరే పారేయడానికి మాత్రం వాడుతున్నాము, ఆ పనికి అది అద్భుతం. 2024లో 6.8 కెర్నెల్‌లో, తరచూ వాడే విలువలు ఒకే క్యాష్ లైన్లలో పడేలా డేటా నిర్మాణాలను తిరిగి అమర్చడం వల్ల, అనేక టీసీపీ కనెక్షన్లు ఉన్న యంత్రాల్లో 40 శాతం దాకా లాభం వచ్చిందని చెప్పారు. మా గేట్‌వేలు టీసీపీ కనెక్షన్లకు ఒక కొసగా ఉండవు, వాటి ప్యాకెట్లను కేవలం దాటిస్తాయి, కనుక మాకు ఆ తేడా తెలియలేదు.

నాకు తెలిసిన తేడా వేరే చోట ఉంది. 2022లో 5.17 నుంచి, కెర్నెల్ ఒక ప్యాకెట్‌ను పారేసినప్పుడు ఎందుకు పారేసిందో ఒక పేరుతో చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏ ఫంక్షన్‌లో పారేశారో మాత్రమే తెలిసేది, ఒక్కో ఫంక్షన్‌లో పారేసే దారులు పది ఉండేవి. 2023 చివర్లో మేము రెండో అప్‌లింకు (బయటి ఇంటర్నెట్‌కు కలిపే లైను) తీసుకున్నప్పుడు కొందరికి కొన్ని సైట్లు ఆగిపోయాయి. 6.1లో పారేసిన ప్యాకెట్లను గమనించే ట్రేసు పెట్టిన మూడో నిమిషానికి తెర మీద 'ఐపీ ఆర్‌పీఫిల్టర్' అన్న పేరు వరుసగా పడసాగింది. ప్యాకెట్లు ఒక లైను మీద వెళ్లి మరో లైను మీద తిరిగి వస్తున్నాయి, వచ్చిన దారే తిరుగు దారి కావాలనే కఠినమైన తనిఖీ వాటిని పారేస్తోంది. 3.2 కెర్నెల్ వాడిన రోజుల్లో సరిగ్గా ఇలాంటి లోపానికే నేను రెండు రాత్రులు సర్వర్ల గదిలో కూర్చున్నాను.

ఆ తనిఖీని కఠినంగా పెట్టిన వరుస 2013లో ఎక్కడో చూసి నేను ఎక్కించుకున్నదే. 6.12కు మారే ముందు ఆ సెట్టింగుల ఫైలును పూర్తిగా తెరిచి, 43 వరుసల్లో ఒక్కోదాన్నీ ఎందుకు ఉందో తేల్చుకుంటూ వచ్చాను. కొన్ని సెట్టింగులు కెర్నెల్‌లోనే లేవు. కొన్నింటికి కెర్నెల్ తన డిఫాల్టునే అంతకంటే మెరుగుపరచుకుంది. ఉదాహరణకు, వినే సాకెట్ క్యూ (కొత్త కనెక్షన్లు అంగీకారం కోసం నిలిచే వరుస) పరిమితిని నేను 1,024కు పెంచుకొని ఉంటే, 5.4 నుంచి డిఫాల్టే 4,096 అయింది, అంటే నా వరుస దాన్ని తగ్గిస్తోంది. చివరికి 9 వరుసలు మిగిలాయి. ప్రతి దాని పైనా తేదీ, కెర్నెల్ వెర్షను, అది లేకపోతే ఏమైందో ఒక వాక్యం రాసి పెట్టాను. నాట్ గడువు వరుస పైన పట్టిక నిండిన రాత్రి లాగ్‌లో వచ్చిన సందేశాన్నే యథాతథంగా ఎక్కించాను.