పచ్చి క్యారెట్ సలాడా, క్యాబేజీ స్లానా? హార్మోన్లకి ఏది మేలు?

పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్లు గాడితప్పే సమస్య) ఉన్నవాళ్ళు, పీరియడ్స్ ముందు బాగా అవస్థ పడేవాళ్ళు ఈమధ్య తెగ అడుగుతున్నారు, రోజూ పచ్చి క్యారెట్ సలాడ్ తినాలా, క్యాబేజీ స్లా (సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ సలాడ్) తినాలా అని. రీల్స్ నిండా క్యారెట్టే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఈ సలాడ్‌కి పేరు తెచ్చింది రే పీట్ అనే అమెరికన్ బయాలజిస్ట్, 2022లో చనిపోయారు. పచ్చి క్యారెట్ తురుము, కొంచెం కొబ్బరినూనె, వెనిగర్, ఉప్పు, అంతే. దీని వెనక లాజిక్ ఏంటంటే, వాడేసిన ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ని లివర్ పైత్యరసంతో పాటు పేగుల్లోకి వదుల్తుంది, అక్కడ అందులో కొంత మళ్ళీ రక్తంలో కలిసిపోతుంది, పీచు బాగా తింటే ఎక్కువ భాగం బయటికి పోతుంది. ఇంతవరకు బానే ఉంది. కానీ ఆ పని క్యారెట్ పీచే చేస్తుంది, వేరేది చెయ్యదు అనడానికి గట్టి ఆధారం లేదండి. 100 గ్రాముల క్యారెట్‌లో పీచు దాదాపు 2.8 గ్రాములు, క్యాబేజీలో 2.5, ఈపాటి తేడాకి ఒకదాన్ని మందులా చూడక్కర్లేదు.

క్యాబేజీలో అదనంగా ఉన్నది గ్లూకోసినోలేట్లు అనే గంధకం ఉన్న పదార్థాలు. సన్నగా తరిగినప్పుడు ఘాటు వాసన వస్తుంది చూడండి, అది వీటివల్లే. వీటినుంచి వచ్చే ఇండోల్-3-కార్బినాల్ ఈస్ట్రోజెన్ విరిగే దారిని కొంత మారుస్తుంది, కాకపోతే అది సప్లిమెంట్ డోసుల్లో చూసిన మాట, ఒక కప్పు స్లాతో అంత ఆశ పెట్టుకోకండి.

నా దృష్టిలో అసలు తేల్చేది ఈస్ట్రోజెన్ కాదు, ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది, అది అండాశయాల్ని తొందరపెట్టి ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు) ఎక్కువ తయారుచేయిస్తుంది, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు అన్నీ అక్కణ్ణుంచే. మరి మన కంచంలో ముందు పడేది అన్నం, దాంతో షుగర్, వెంటనే ఇన్సులిన్ పెరుగుతాయి. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వాళ్ళు 2015లో టైప్ 2 షుగర్ ఉన్న 11 మందితో చేసిన చిన్న స్టడీలో, అదే భోజనంలో కూరగాయలు, ప్రోటీన్ ముందు తిని బ్రెడ్ లాంటివి చివర్లో తింటే షుగర్, ఇన్సులిన్ రెండూ బాగా తక్కువ పెరిగాయి. అందుకని అన్నం కలుపుకునే ముందే ఒక కప్పు పచ్చి కూరగాయ కడుపులో పడాలి, అదీ రోజూ. రోజూ అన్నప్పుడే నాకు క్యాబేజీ నచ్చుతుంది, ఎందుకంటే తరిగి డబ్బాలో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు కరకరలాడుతూనే ఉంటుంది, క్యారెట్ తురుమేమో మర్నాటికే నీరుగారి చప్పబడిపోతుంది, పొద్దున్నే బాక్సులు సర్దుకునే హడావిడిలో రోజూ తురమడం ఎవరికి కుదురుతుంది చెప్పండి.

చెయ్యడం తేలికే. పై రెండు మూడు ఆకులు తీసేసి, మిగతావి విడదీసి ట్యాప్ కింద బాగా కడిగి సన్నగా తరగండి. అప్పటికి కావలసినంత తీసుకుని ఉప్పు వేసి చేత్తో నలిపి పది నిమిషాలు వదిలేస్తే మెత్తబడుతుంది. నిమ్మరసం, వేయించిన నువ్వుల పొడి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి పైన ఆవాల పోపు. మయోనైజ్ వద్దు, క్రీమీగా కావాలంటే గట్టి పెరుగు రెండు చెంచాలు వెయ్యండి.

థైరాయిడ్ ఉన్నవాళ్ళ భయం గురించి కూడా చెప్పాలి. పచ్చి క్యాబేజీ జాతి కూరలు థైరాయిడ్‌కి అయోడిన్ అందకుండా కొంత అడ్డుపడతాయి, నిజమే. కానీ 2010లో వైద్య పత్రికకెక్కిన కేసు చూడండి, 88 ఏళ్ళ ఆవిడ నెలల తరబడి రోజుకి కిలో, కిలోన్నర పచ్చి బాక్ చాయ్ (క్యాబేజీ జాతి చైనా ఆకుకూర) తిని థైరాయిడ్ పూర్తిగా దెబ్బతిని కోమాదాకా వెళ్ళారు. మనం తినేది ఒక కప్పు, పైగా వాడేది అయోడిన్ ఉప్పు. అయినా మనసొప్పకపోతే ఉడికించి తినండి, ఆ గుణం తగ్గుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే మాత్రం ఏ సలాడూ తినొద్దు, పీచు మందుని సరిగ్గా ఒంటబట్టనివ్వదు.

క్యాబేజీ తింటే కడుపుబ్బరం వచ్చేవాళ్ళకి క్యారెట్టే మేలు, అందులో అనుమానం లేదు, నూనె చుక్క మాత్రం మర్చిపోకండి, బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. బీట్‌రూట్ తురుము కూడా బానే ఉంటుంది. కీరా ఒక్కటే తింటే పీచు చాలదు, శ్రీరామనవమి వడపప్పులా నానిన పెసరపప్పు కలిపితే సరిపోతుంది.