షాపెరోన్ ప్రొటీన్ల అధ్యయనానికి గ్రోమాక్స్: రెండేళ్ల వాడకంలో తేలినవి

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 42 డిగ్రీల ఎండ కాస్తుంటే, కంప్యూటరులోని నీటిపెట్టెకు 300 కెల్విన్, అంటే 27 డిగ్రీలు, అని రాసిపెట్టి అందులో వేడిని తట్టుకునే ప్రొటీన్‌ను గమనిస్తూ కూర్చోవడం ఎవరికైనా నవ్వు తెప్పించే పనే. బైరాగిపట్టెడలోని అద్దెగదిలో రెండేళ్లుగా నేను చేస్తున్నది అదే, అందుకు వాడుతున్నది పరమాణువుల కదలికలను అడుగడుగునా లెక్కగట్టే గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేరు. షాపెరోన్ ప్రొటీన్ల నియంత్రణను, ప్రత్యేకించి వాటిలో ఒకటైన హెచ్‌ఎస్‌పీ70 పనితీరును, సిమ్యులేషన్ల ద్వారా అర్థం చేసుకోదలచిన పరిశోధక విద్యార్థులకు ఇది ఏ మేరకు పనికొస్తుందో రాస్తున్నాను. ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. గ్రోమాక్స్ ఏ ప్రశ్ననూ కాదనదు. తప్పు ప్రశ్నకు కూడా చక్కని గ్రాఫు గీసి ఇస్తుంది.

కణానికి వడదెబ్బ తగిలినప్పుడు ప్రొటీన్ల మడతలు విప్పుకుపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. అవి ముద్దకట్టకుండా పట్టుకుని, మళ్లీ సరిగా ముడుచుకునే వీలు కల్పించేవే షాపెరోన్లు. 1962లో ఇటలీ శాస్త్రవేత్త రిటోసా, వేడి తగిలిన పండ్ల ఈగల క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులను గమనించడంతో ఈ కథ మొదలైంది. హెచ్‌ఎస్‌పీ70లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును పట్టుకునే భాగం ఒకటి, విప్పుకున్న ప్రొటీన్‌ను పట్టుకునే, మూత ఉన్న భాగం మరొకటి, ఆ రెండింటినీ కలిపే సన్నని లింకరు ఉంటాయి. ఏటీపీ ఉన్నంతసేపు రెండు భాగాలూ ఒకదానికొకటి ఆనుకుని, మూత తెరుచుకుని ఉంటుంది. ఏటీపీ విచ్ఛిన్నమై ఏడీపీ మిగిలితే భాగాలు విడివడి, మూత పడి, లోపలికి వచ్చిన ప్రొటీన్ చిక్కుకుంటుంది. ఈ చక్రం ఎప్పుడు, ఎంత వేగంగా తిరగాలో సహాయక ప్రొటీన్లు తేలుస్తాయి: ఈ.కోలై బ్యాక్టీరియాలోని హెచ్‌ఎస్‌పీ70 అయిన డీఎన్ఏకేకు డీఎన్ఏజే ఏటీపీ విచ్ఛిన్నాన్ని తొందర పెడితే, జీఆర్‌పీఈ పాత ఏడీపీని బయటికి పంపుతుంది. ఒక చివర ఏటీపీ మారితే అంత దూరాన ఉన్న మూతకు ఆ సంగతి ఎలా తెలుస్తుందన్నదే నా ప్రశ్న. స్ఫటిక నిర్మాణాలు బయలుదేరిన చోటును, చేరిన చోటును చూపిస్తాయి గాని నడుమ దారిని చూపించవు.

గ్రోమాక్స్ 1991లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఆ ఊరి పేరే దాని పేరులో సగం. ఇప్పుడు దాని అభివృద్ధికి కేంద్రం స్వీడన్. పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, సోర్సు కోడు కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఖర్చంతా యంత్రానిదే. ఊళ్లోని ఒక దుకాణంలో గ్రాఫిక్స్ కార్డుతో సహా కట్టించుకున్న నా కంప్యూటరు ముందువైపు గాలి చొరబడని అద్దం బిగించి ఉందని మొదటి వేసవి వచ్చేదాకా నేను పట్టించుకోలేదు. చలికాలంలో రోజంతా నడిస్తే ప్రొటీన్ కదలికలో 60 నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) దాకా పరుగెత్తిన సిమ్యులేషన్ ఏప్రిల్ చివరికి 41కి పడిపోయింది. కార్డు వేడి 88 డిగ్రీలు చూపించడంతో పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి, నేను చెమటలో కూర్చున్నాను. ఈ ఊళ్లో కొనేవారు కార్డు ఎంత పెద్దదో చూసే ముందు పెట్టెకు గాలి ఎటునుంచి ఎటు పోతుందో చూడడం మంచిది.

కరెంటు కోతల విషయంలో మాత్రం సాఫ్ట్‌వేరుకు పూర్తి మార్కులు వేయాలి. ప్రతి 15 నిమిషాలకు ఒకసారి అది తనంతట తానే చెక్‌పాయింట్ ఫైలు రాసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ ఫైలును చూపించి మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటినుంచే సాగుతుంది. నేను ఆ వ్యవధిని ఐదు నిమిషాలకు తగ్గించుకున్నాను. రెండేళ్లలో ఎన్ని కోతలు వచ్చినా ఒక్క పరుగు కూడా పూర్తిగా పోలేదు.

పని మొదలుపెట్టేవారికి తొలి అడ్డంకి ఏటీపీ దగ్గరే వస్తుంది. ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి 4బీ9క్యూ అనే ఏటీపీతో ఉన్న డీఎన్ఏకే నిర్మాణాన్ని తెచ్చి, స్ఫటికం కోసం శాస్త్రవేత్తలు చేసిన మార్పులను, ముఖ్యంగా 199వ స్థానంలో థ్రియొనిన్‌కు బదులు పెట్టిన అలనిన్‌ను, వెనక్కి మార్చి టోపాలజీ (ఏ పరమాణువు దేనికి అతుక్కుందో చెప్పే ఫైలు) తయారు చేయమంటే, ఏటీపీ అనే రెసిడ్యూ (అణుభాగం) తన జాబితాలో లేదని చెప్పి ఆగిపోతుంది. ఇది లోపమని నేను అనను. నేను వాడే యాంబర్ ఫోర్స్ ఫీల్డులో, అంటే పరమాణువుల మధ్య బలాల విలువల పట్టికలో, ఉన్నవి అమైనో ఆమ్లాలు, డీఎన్ఏ, ఆర్ఎన్ఏల విలువలే. మూడు ఫాస్ఫేట్ల ఏటీపీకి విలువలు విడిగా తెచ్చుకుని చేర్చాలి. షాపెరోన్ల మీద పనిచేసేవారందరికీ ఇది తప్పదు కాబట్టి మొదటి రెండు వారాలు ఇందుకే పోతాయని అనుకుని దిగడం మేలు. కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే భాగంలో ఉండే బిప్ అనే హెచ్‌ఎస్‌పీ70 మీద 518వ థ్రియొనిన్‌కు ఏఎంపీ అనే చిన్న అణువు అంటుకుని దాని పని ఆగే తీరును చూడదలచినా ఇదే తిప్పలు పడాలి.

హెచ్చరికల సంగతి వేరుగా చెప్పాలి. పరుగుకు ముందు గ్రాంప్ అనే ఆదేశం ఫైళ్లన్నింటినీ సరిచూసి, అనుమానం వచ్చిన చోట హెచ్చరించి ఆగుతుంది; మ్యాక్స్‌వార్న్ అనే ఒక్క మాట చేరిస్తే ఆ హెచ్చరికను పక్కన పెట్టి ముందుకు పోతుంది. డీఎన్ఏకే బాగా రుణావేశం ఉన్న ప్రొటీన్. దాన్ని తటస్థం చేయడానికి సోడియం అయాన్లు కలిపే మెట్టును నేను ఒకసారి మరిచిపోయాను. పెట్టెలో నికర ఆవేశం ఉందని అది స్పష్టంగానే చెప్పింది, నేను మ్యాక్స్‌వార్న్ కొట్టాను. నాలుగు రోజుల పరుగు చెత్తబుట్టలో పడ్డాక మా గైడు మేడమ్ తెర వైపు చూసి, “అది మొత్తుకుంటానే ఉండాది కదా నాయనా, నోరు మూయించింది నువ్వే” అన్నారు.

ఇక అసలు ఫలితాల మాట. నీటితో కలిపి లక్షన్నర పరమాణువులున్న పెట్టెలో రెండు ఫెమ్టోసెకన్ల అడుగులతో ఒక మైక్రోసెకను, అంటే వెయ్యి నానోసెకన్లు, చూడాలంటే 50 కోట్ల అడుగులు పడాలి. నా యంత్రం మీద అది 17 రోజుల పని. ఆ దూరంలో గ్రోమాక్స్ చూపించేవి విలువైనవే. ఏటీపీ స్థితిలో లింకరు ఏటీపీ పట్టుకునే భాగంలోని రెండు లోబుల (ముక్కల) నడుమ గాడిలో ఎలా కూర్చుంటుందో, ఆ గాడిలోని ఏ హైడ్రోజన్ బంధాలు దాన్ని పట్టి ఉంచుతాయో, ఏటీపీని తీసేసి ఏడీపీ పెడితే ముందుగా ఏది సడలుతుందో ఒక్కో ఫ్రేమూ చూసి చెప్పవచ్చు. డీఎన్ఏజేలోని 35వ ఆస్పార్టేటుకూ డీఎన్ఏకేలోని 167వ ఆర్జినిన్‌కూ సంబంధం ఉందని జన్యు ప్రయోగాలు ఏనాడో చెప్పాయి. ఆ రెండింటినీ కలిపి పెట్టిన నా మొదటి పరుగులో వాటి జంట చివరిదాకా విడిపోలేదు, నేను అప్పుడే అధ్యాయం రాయడం మొదలుపెట్టాను. వేరే తొలి వేగాలతో నడిపిన రెండో పరుగులో అది విడిపోయి, చాలాసేపటికి మళ్లీ కలిసింది. మూడోదానిలో నిలిచింది. ఒక్క పరుగు చూసి ఏదీ రాయకూడదని అందరూ చెప్పేదే, కాని ఒక్కో పరుగుకు 17 రోజులు పడుతున్నప్పుడు ఆ మాట వినడం కష్టం.

చూపించలేనిది ఇంకా ముఖ్యం. తోడు లేని డీఎన్ఏకే ఒక ఏటీపీని విచ్ఛిన్నం చేయడానికి నిమిషాలు తీసుకుంటుంది; డీఎన్ఏజే, విప్పుకున్న ప్రొటీన్ కలిసి వస్తే ఆ వేగం వందల రెట్లు పెరుగుతుంది. నా మైక్రోసెకన్లకు, ఆ నిమిషాలకు మధ్య దూరం కోట్ల రెట్లలో ఉంది. పైగా మామూలు ఫోర్స్ ఫీల్డులో రసాయన బంధం తెగదు, కాబట్టి ఎన్నేళ్లు నడిపినా ఏటీపీ ఏటీపీగానే ఉంటుంది. అసలు నియంత్రణ జరిగేది ఆ విచ్ఛిన్నం దగ్గర కనుక, గ్రోమాక్స్ సాధారణ వాడకంలో మనకు దొరికేది దానికి ముందూ వెనుకల కదలిక మాత్రమే. 2022 వెర్షన్ నుంచి సీపీ2కే అనే ప్రోగ్రాము తోడుతో బంధం తెగే చోటును క్వాంటం పద్ధతిలో లెక్కించే ఏర్పాటు వచ్చింది. నా యంత్రానికి అంత స్తోమత లేదు. ప్లూమెడ్ అనే తోడు ప్రోగ్రాము జతచేసి మెటాడైనమిక్స్ అనే, కదలికను బలవంతంగా ముందుకు నెట్టే పద్ధతితో మూతను తోయవచ్చు, కాని ఎటు తోయాలో మనమే చెప్తాం, అది అటే పోతుంది. ఆ జవాబులో మన ప్రశ్న పాలు ఎంతో విడదీయడం తేలిక కాదు.

పైథాన్ బాగా వచ్చినవారికి ఓపెన్ఎంఎం అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేరు సుళువుగా ఉంటుంది. అయినా మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద పెద్ద నీటిపెట్టెను వేగంగా నడపాలంటే నేను గ్రోమాక్స్ వైపే మొగ్గుతాను. ఒకటి రెండు నెలల్లో ప్రాజెక్టు ముగించవలసిన ఎమ్మెస్సీ విద్యార్థికి మాత్రం డీఎన్ఏకే మొత్తాన్ని ఎత్తుకోమని చెప్పను. ఏటీపీ పట్టుకునే భాగాన్ని విడిగా తీసుకున్నా, లేదా డీఎన్ఏజేలోని 70 అమైనో ఆమ్లాల జే భాగాన్ని తీసుకున్నా, చిన్న పెట్టెలో నాలుగైదు పరుగులు హాయిగా పూర్తవుతాయి.

పుంగనూరు వైపు మా ఊళ్లో వాన మీద ఆధారపడి చెనిక్కాయలు వేస్తారు, పూత సమయంలో ఎండ ముదిరితే ఊడలు దిగవు. ఆ మొక్క హెచ్‌ఎస్‌పీ70ని ఇలాగే చూడాలన్నది నా తర్వాతి పని. ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన నమూనా తెచ్చి చూస్తే ఆకారం బాగానే ఉంది, కాని అందులో ఏటీపీ లేదు, మూత తెరిచిన స్థితో మూసిన స్థితో చెప్పే చీటీ లేదు. దాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టెలో వేసినా గ్రోమాక్స్ కిమ్మనకుండా నడుపుతుంది. అందుకే ముందు దాన్ని 4బీ9క్యూ పక్కన పెట్టి లింకరు ఎక్కడ ఉందో కంటితో చూసి, ఆ తర్వాతే ఏటీపీని అమరుస్తున్నాను.