పైథాన్‌లో రిటర్న్: ఆరేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో మా చిన్న ఆఫీసు జీతాల లెక్కకు పైథాన్‌లో రాసిన స్క్రిప్ట్‌ని (ప్రోగ్రామ్‌ని) ఆరేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మొదట్లో అందులో అన్నీ గ్లోబల్ వేరియబుల్సే, అంటే ఏ ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) అయినా మార్చగలిగేవే. ఏ ఫంక్షన్ ఏ అంకెను మార్చిందో పట్టుకునేసరికి సాయంత్రం అయిపోయేది. తర్వాత కూర్చుని అంతా విడగొట్టాను. హాజరు ఫైలు చదివే ఫంక్షన్ ఒక లిస్ట్ రిటర్న్ చేస్తుంది, అంటే తనను పిలిచిన చోటికి తిరిగిస్తుంది. జీతం కట్టే ఫంక్షన్ దాన్ని అందుకుంటుంది, అది తేల్చింది పేస్లిప్ ఫంక్షన్‌కి వెళ్తుంది. ఇప్పుడు ఎక్కడైనా తేడా వస్తే ఆ ఒక్క ఫంక్షన్‌నే విడిగా పిలిచి చూస్తాను. ఈ ఒక్క సుఖం కోసమైనా రిటర్న్‌ని అందరికీ గట్టిగా సిఫారసు చేస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రింట్ చేస్తే విలువ తెరమీద కనిపిస్తుందే తప్ప పిలిచిన చోటికి రాదు. రిటర్న్ రాయకపోతే అక్కడికి చేరేది నన్ (None), అంటే విలువేమీ లేదనే గుర్తు. ఇఫ్‌లో రిటర్న్ పెట్టి ఎల్స్‌లో మర్చిపోతే మరీ కష్టం, ఆ దారి తగిలే రోజు దాకా బయటపడదు. ఉన్న లిస్ట్‌నే వరసలో పెట్టే సార్ట్‌ని పిలిచి ఫలితాన్ని వేరియబుల్‌లో పెట్టుకున్నా వచ్చేది ఆ None మాత్రమే. వరసలో పెట్టిన కొత్త లిస్ట్ కావాలంటే సార్టెడ్ వాడాలి.

నన్ను బాగా టెన్షన్ పెట్టింది మాత్రం టపుల్, అంటే కొన్ని విలువల్ని వరసగా కట్టిన మూట. కోతల ఫంక్షన్ పీఎఫ్, వృత్తి పన్ను రెండూ కామా పెట్టి రిటర్న్ చేసేది. అందుకునే చోట నేను వాటిని తిరగేసి రాశాను. ఒక పేస్లిప్‌లో పీఎఫ్ గడిలో 200, వృత్తి పన్ను గడిలో 1,800 పడ్డాయి. మొత్తం కోత రెండువేలే కాబట్టి నికర జీతం సరిపోయింది, నా సరిచూపులన్నీ పాసయ్యాయి. పైథాన్ కిక్కురుమనలేదు. మూడు విలువలు వస్తుంటే రెండే పేర్లు రాసుంటే వాల్యూఎర్రర్ వచ్చేది, ఇక్కడ లెక్క సరిపోయింది మరి. మా అకౌంట్స్ ఆవిడ కాగితం చూసి, "ఇదేంటి సార్, ఈయన పీఎఫ్ ఇంత తగ్గింది?" అని అడిగితేగానీ తెలియలేదు.

ఆ వారమే డేటాక్లాస్‌కి మారాను, అందులో ప్రతి విలువకూ ఒక పేరుంటుంది. పైథాన్ 3.7 నుంచి, అంటే 2018 నుంచి, అది భాషతోపాటే వస్తోంది. ఇప్పుడు కోతలు.పీఎఫ్ అని పేరుతో అడుగుతాను, వరస గుర్తుపెట్టుకునే పని లేదు. రెండు విలువలు వేరు వేరు రకాలైతే టపుల్ పర్వాలేదు. రెండూ రూపాయలే అయితే ఇక టపుల్ జోలికి వెళ్లను.